పాత ట్రాక్టరు ఏల స్టార్టు కాదు? – నిప్పురవ్వ త్రోవను పరీక్షించు క్రమము

యంత్రము మూగది; తన జబ్బును నోట చెప్పుకొనజాలదు. అయినను జబ్బు ఎక్కడ నున్నదో తెలుపు గుర్తులు దానియందే యుండును. ఆ గుర్తులను చదువనేర్చిన వానికి అరగంటలో తేలు సంగతి, చదువనేర్వని వానికి పది దినములకును తేలదు. దుక్కి అదను తప్పిపోవుచుండగా ట్రాక్టరు కదలనిచో రైతునకు ఓర్పు నశించును. ప్లగ్గులు మార్పించును, బ్యాటరీ మార్పించును, కాయిలు కొనును, తుదకు “ఇది ఇక పనికిరాదు” అని పాత ఇనుము ధరకు అమ్మివేయును. కొన్నవాడు ఒక తీగె కొసనున్న చిలుమును గీకి మరునాడే దానిని నడుపుకొనును. ఇందు రైతు నష్టపోవుటకు కారణము యంత్రము ముసలిదగుట కాదు, పరీక్షించు క్రమము తెలియకపోవుట.

ఆ క్రమమును మా పై తరగతుల విద్యార్థులకును, వారి ఇండ్లలోని పెద్దలకును బోధపడునట్లు చెప్పవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. భాగముల పేర్లను మేము సంస్కృతములోనికి మార్చలేదు. ప్లగ్గు, కాయిలు, పాయింట్లు, కండెన్సరు అను మాటలనే వాడినాము. ఈ ప్రాంతమున రైతు తెలుగువాడు కావచ్చును, మెకానిక్కు కన్నడిగుడు కావచ్చును, సామానుల అంగడివాడు మరియొక భాషవాడు కావచ్చును. అంగడిలో అడిగినచో ముగ్గురకును తెలియునవి ఆ పేర్లే గదా!

మేము గైకొనిన ఉదాహరణము

నేడు మన పొలములలో తిరుగు ట్రాక్టర్లు దాదాపు అన్నియు డీజిలువే. డీజిలు ఇంజనులో ప్లగ్గు వేయు నిప్పురవ్వ యుండదు. అందు గాలిని మిక్కిలిగా అదిమినప్పుడు పుట్టు వేడికే నూనె అంటుకొనును. కాని మన దేశమున 1959లో ఐషర్ సంస్థ ఫరీదాబాదులోను, 1960లో స్థాపితమైన టాఫే సంస్థ మద్రాసులోను ట్రాక్టర్ల తయారీకి పూనుకొనుటకు పూర్వమే, పాశ్చాత్య దేశములలో పెట్రోలు ట్రాక్టర్లు లక్షల కొలదిగా తయారైనవి. ఇంగ్లండులో 1946 మొదలు 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 తరగతి ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైబడినవి. అమెరికాలో 1947 మొదలు 1952 వరకు తయారైన ఫోర్డు 8ఎన్ ట్రాక్టర్లును అయిదు లక్షలకు మించినవే.

ఈ ఫోర్డు 8ఎన్ ట్రాక్టరునే మేము ఉదాహరణముగా గైకొంటిమి. ఏలయన, అమెరికాలోని చిన్న కమతములవారు నేటికిని దీనిని గడ్డి కోయుటకును, దారులపై పడిన మంచును త్రోయుటకును వాడుచున్నారు. డెబ్బది ఏండ్లు దాటిన యంత్రము నేటికిని పని చేయుచున్నదనగా, దానిని చక్కచేయు పద్ధతి సామాన్యుని చేతికి అందునదై యుండవలెను గదా. మఱియు దీని నిర్మాణము మిక్కిలి సులభము. నాలుగు సిలిండర్లు, ఆరు వోల్టుల బ్యాటరీ, ఒక కాయిలు, ఒక డిస్ట్రిబ్యూటరు, నాలుగు ప్లగ్గులు, ఇంతే. నేటి వాహనములలోవలె పెట్టెలో మూసియుంచిన ఎలక్ట్రానిక్ సాధనములు ఇందు లేవు. ప్రతి భాగమును కంటితో చూడవచ్చును, చేతితో విప్పవచ్చును. విద్యార్థికి ఇంతకన్న మంచి పాఠ్యపుస్తకము దొరకుట అరుదు.

రవ్వ ఎట్లు పుట్టును?

ఆరు వోల్టుల విద్యుత్తు గాలిలో వెంట్రుకవాసి దూరమైనను దూకజాలదు. ప్లగ్గు కొసల నడుమ నున్న ఎడమును, అందునను సిలిండరులో అదిమిపెట్టబడిన గాలిని చీల్చుకొని రవ్వ దూకవలెనన్నచో వేల కొలది వోల్టులు కావలెను. ఈ పెంపును చేయునది కాయిలు.

కాయిలులో ఒక ఇనుప కడ్డీ చుట్టును రెండు చుట్లు గలవు. ఒకటి లావు తీగెతో కొన్ని వందల మారులు చుట్టినది. రెండవది సన్నని తీగెతో కొన్ని వేల మారులు చుట్టినది. లావు తీగెలో బ్యాటరీ విద్యుత్తు పారుచున్నంతసేపును ఇనుప కడ్డీ అయస్కాంతమై యుండును. ఆ పారుదలను తటాలున ఆపివేసినచో అయస్కాంతశక్తి కూలిపోవును. అది కూలుటలో సన్నని తీగెయందు వేల వోల్టుల విద్యుత్తు పుట్టును. మారుచున్న అయస్కాంతశక్తి విద్యుత్తును పుట్టించునను ఈ సంగతిని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. మన విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువు ఆ సూత్రమే ఇక్కడ పొలములో పని చేయుచున్నది.

పారుదలను తటాలున ఆపునవి పాయింట్లు. ఇవి కాలువ తూమునకు తలుపువంటివి. నాలుగు మూపులు గల ఒక ఇరుసు తిరుగుచు ఒక్కొక్క మూపుతో ఒక్కొక్క మారు పాయింట్లను తెరచుచుండును. తెరచుకొను క్షణమున విద్యుత్తు వాని ఎడముననే దూకుటకు పెనగులాడును. అట్లు దూకినచో పాయింట్లు కాలిపోవును, పారుదల తటాలున ఆగదు, ప్లగ్గువద్ద రవ్వ బలహీనమగును. ఆ పెనగులాటను తనలో ఇముడ్చుకొనునది కండెన్సరు. పుట్టిన రవ్వను ఏ సిలిండరునకు పంపవలెనో ఆ సిలిండరునకు పంచిపెట్టునవి డిస్ట్రిబ్యూటరు లోపలి రోటరును, మీది మూతయు.

ఇంజను నిమిషమునకు 2,000 మారులు తిరుగునప్పుడు నాలుగు ప్లగ్గులకు కలిపి 4,000 రవ్వలు కావలెను. అనగా సెకనుకు అరువది ఆరు పైచిలుకు. ప్రతి రవ్వకును పాయింట్లు ఒకమారు తెరచుకొని ఒకమారు మూసుకొనవలెను. ఇంత పని చేయు భాగములయందు వెంట్రుకంత మడ్డి చేరినను తేడా వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది?

కాలువ గట్టు పద్ధతి

కొస పొలమునకు నీరు రానప్పుడు తెలివిగల రైతు ఏమి చేయును? రిజర్వాయరు మొదలుకొని అడుగడుగును త్రవ్విచూడడు. కాలువ నడిమికి పోయి చూచును. అక్కడ నీరు పారుచున్నచో గండి దిగువను కలదు. పారనిచో గండి ఎగువను కలదు. ఒక్క చూపుతో సగము కాలువను వెదకు శ్రమ తప్పినది. మిగిలిన సగమున మరల నడిమికి పోయి చూచును. ఇట్లు మూడు నాలుగు చూపులలో గండి దొరకును.

ఇంజనునందును ఈ పద్ధతినే అనుసరింపవలెను. బ్యాటరీ నుండి ప్లగ్గు వరకు విద్యుత్తు పారు త్రోవ ఒక కాలువయే. తీగెలు, స్విచ్చి, కాయిలు, పాయింట్లు, మూత, రోటరు, ప్లగ్గులు దాని మీది తూములు. ఏ తూమువద్ద పారుదల ఆగినదో కనుగొనిన పిమ్మటనే సామాను కొనుటకు అంగడికి పోవలెను.

పరీక్షకు ముందు ప్రాణరక్షణ

పరీక్ష మొదలుపెట్టుటకు ముందు నాలుగు సంగతులను మేము గట్టిగా చెప్పదలచితిమి. మొదటిది, గేరు న్యూట్రలులో నుండవలెను, బ్రేకు వేసియుండవలెను, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టియుండవలెను. ఫోర్డు 8ఎన్ ట్రాక్టరులో స్టార్టరు మీట గేరు కడ్డీ వద్దనే యుండును. గేరు న్యూట్రలులో ఉన్నగాని అది పని చేయదు. ఈ ఏర్పాటు మనిషిని కాపాడుటకు చేసినది. కొందరు తొందరపడి నేలపై నిలుచుండియే స్టార్టరు కొసలను స్క్రూడ్రైవరుతో కలిపి ఇంజనును త్రిప్పుదురు. గేరులో నున్న ట్రాక్టరు అప్పుడు ఉన్నపాటున కదలి వెనుక చక్రము క్రింద వారినే త్రొక్కివేయును. అమెరికా పల్లెలలో ఈ విధముగా ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఎంత అదను తప్పుచున్నను ఈ పని చేయరాదు.

రెండవది, రవ్వను పరీక్షించు చోట పెట్రోలు ఒలికి యుండరాదు. దాని ఆవిరియు నిలిచియుండరాదు. మూడవది, ప్లగ్గు తీగెను వట్టి చేతితో పట్టుకొనరాదు. ఆ దెబ్బకు చేయి విదిలించుటలో అది ఫ్యానులో పడవచ్చును. నాలుగవది, వ్రేలాడు పైపంచెతోను, పొడుగు చేతుల వదులు చొక్కాతోను తిరుగు ఇంజను దగ్గరకు పోరాదు.

రవ్వ లోపమా, నూనె లోపమా?

ఇంజను నడచుటకు పెట్రోలు, గాలి, రవ్వ అను మూడును తగిన వేళకు కావలెను. అందుచేత మొదట లోపము రవ్వయందా, పెట్రోలునందా అని తేల్చుకొనవలెను. నడచుచున్న ఇంజను స్విచ్చి కట్టినట్లు ఒక్కసారిగా ఆగినచో అది తరచుగా రవ్వ లోపము. దగ్గుచు, గుక్క తిప్పుకొనుచు, మెల్లమెల్లగా ఆగినచో అది తరచుగా పెట్రోలు లోపము. “తరచుగా” అంటిమి, ఈ గుర్తు ఒక్కదానినే నమ్మి సామాను విప్పరాదు. కార్బొరేటరు అడుగు బిరడాను విప్పి పాత్ర పట్టినచో పెట్రోలు ఆగకుండ ధారగా రావలెను. వచ్చినచో పెట్రోలు అచ్చటి వరకు చేరుచున్నదని తెలిసినది. బిరడాను బిగించి, ఒలికిన పెట్రోలును తుడిచి, అది ఆరిన పిదపనే రవ్వ పరీక్షకు పోవలెను.

బ్యాటరీయు, దాని తీగెలును

ఆరు వోల్టుల బ్యాటరీలో మూడు గదులుండును. నిండుగా ఛార్జి అయి విశ్రాంతిగా నున్నప్పుడు అది 6.3 వోల్టులు చూపును. స్టార్టరు త్రిప్పునప్పుడు అది కొంత తగ్గుట సహజము. అయిదు వోల్టులకంటె చాల దిగజారినచో ఇంజను తిరుగును గాని రవ్వకు బలము చాలదు. “ఇంజను బాగుగా తిరుగుచున్నది, కావున బ్యాటరీ మంచిదే” అని అనుకొనుట సరికాదు.

ఆరు వోల్టుల ఏర్పాటులో మరియొక విశేషము గలదు. ఒకే పనికి పండ్రెండు వోల్టుల ఏర్పాటుకంటె ఇందు రెండింతలు విద్యుత్తు పారవలెను. కాబట్టి బ్యాటరీ కొసలయందలి పచ్చని చిలుము, వదులు బిగింపు, సన్నని తీగెలు ఇందు మరింత చెరుపు చేయును. కొసలను విప్పి మెరయునట్లు గీకి బిగింపవలెను. ఎర్తు తీగె ట్రాక్టరు శరీరమును తాకు చోటను రంగును, తుప్పును తొలగింపవలెను. ఈ ట్రాక్టరులో శరీరమునకు కలుపబడినది బ్యాటరీ ప్లస్సు కొస. ఇది నేటి వాహనముల ఏర్పాటునకు తలక్రిందులు. ఆ సంగతి తెలియక బ్యాటరీని తారుమారుగా బిగించినవారు పలువురు.

నడిమి పరీక్ష

ఇక కాలువ నడిమికి పోవుదము. ఒక ప్లగ్గు తీగెను ఊడదీసి, దానికి ఎడము కొంచెము పెంచిన పాత ప్లగ్గు నొకదానిని తగిలించి, ఆ ప్లగ్గు లోహపు ఒడలు ఇంజను ఇనుమునకు ఆనియుండునట్లు నిలుపవలెను. తాళము త్రిప్పి స్టార్టరు నొక్కవలెను. నీలి రంగుతో, చిటుకు చిటుకుమను శబ్దముతో, పావు అంగుళము ఎడమును దూకు రవ్వ మంచి రవ్వ. ఎఱ్ఱగా, పసుపుగా, శబ్దము లేక వచ్చునది బలహీనమైనది. ఈ విధముగా నాలుగు తీగెలను పరీక్షింపవలెను.

ఫలితములు మూడు విధములు. నాలుగింటను మంచి రవ్వ వచ్చినచో బ్యాటరీ మొదలు మూత వరకు సర్వము బాగుగనే యున్నది. లోపము ప్లగ్గులలోనో, తీగెల వరుసలోనో, రవ్వ పడు వేళలోనో కలదు. ఒకటి రెండు తీగెలకు మాత్రమే రానిచో లోపము ఆ తీగెలలోనో, మూతలో వాని గూళ్లలోనో కలదు. దేనికిని రానిచో లోపము ఎగువన కలదు. పాయింట్ల వైపు పోవలెను.

దీపము చెప్పు మాట

ఎగువ పరీక్షకు ఆరు వోల్టుల చిన్న బల్బును, రెండు తీగెలును చాలును. ఒక తీగెను ట్రాక్టరు ఇనుమునకు తగిలింపవలెను. రెండవ తీగెను తాకించు చోటు ట్రాక్టరు వయస్సును బట్టి యుండును. ఫోర్డు 8ఎన్ ట్రాక్టర్లలో 1950లో ఒక మార్పు జరిగినది. 2,63,843వ క్రమసంఖ్య వరకు తయారైనవానిలో డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందు భాగమున, ఫ్యాను వెనుక నుండును. చదరపు కాయిలు దాని నెత్తిననే కూర్చుండును. ఆ పిమ్మటి వానిలో డిస్ట్రిబ్యూటరు ఇంజను ప్రక్కన నుండును. గుండ్రని కాయిలు వేరుగా నుండును. ముందువైపు ఏర్పాటులో దీపపు తీగెను కాయిలు నెత్తినున్న కొసకు తాకింపవలెను. ప్రక్క ఏర్పాటులో కాయిలు నుండి డిస్ట్రిబ్యూటరునకు సన్నని తీగె పోవు కొసకు తాకింపవలెను.

తాళము త్రిప్పి, సహాయకుడు స్టార్టరు నొక్కుచుండగా దీపమును చూడవలెను. అది మినుకు మినుకుమని హెచ్చి తగ్గుచున్నచో పాయింట్లు తెరచుకొని మూసుకొనుచున్నవి; అంతవరకు త్రోవ మంచిది. అట్లయ్యును రవ్వ లేనిచో కండెన్సరును, కాయిలును, రోటరును, మూతను అనుమానింపవలెను.

దీపము మార్పులేక ప్రకాశముగా వెలుగుచున్నచో పాయింట్లు మూసుకొనుట లేదు, లేదా మూసుకొన్నను మడ్డివలన విద్యుత్తు పారుట లేదు. దీపము అసలు వెలుగనిచో, లేదా (ముందువైపు ఏర్పాటులో) మార్పులేక మసకగా మాత్రమే వెలిగినచో రెండు కారణము లుండవచ్చును: విద్యుత్తు అక్కడికి రాకపోవుట, లేదా వచ్చినది పాయింట్లవద్ద ఎల్లప్పుడును ఇనుములోనికి జారిపోవుట. ఈ రెంటిలో ఏదియో తేల్చుటకు ఆ కీలును విడదీసి, బ్యాటరీ వైపు కొసకే దీపమును తాకింపవలెను. అప్పుడు వెలిగినచో జారుడు డిస్ట్రిబ్యూటరు లోపల కలదు. వెలుగనిచో స్విచ్చి, రెసిస్టరు, తీగెలు, ప్రక్క ఏర్పాటులోనైనచో కాయిలు లావు చుట్టు, వీనిలో ఒకటి తెగియున్నది.

ముందువైపు ఏర్పాటులో ఈ జారుడునకు తరచు కారణమగునది ఒక చిన్న వస్తువు. కాయిలునుండి పాయింట్లకు పోవు రేకు డిస్ట్రిబ్యూటరు గోడలోనుండి దూరు చోట విద్యుత్తును ఆపు బిళ్ల యొకటి కలదు. అది పగిలినచో రేకు గోడను తాకి విద్యుత్తంతయు ఇనుములోనికి జారును. కాయిలు కొన్నను, కండెన్సరు కొన్నను, పాయింట్లు కొన్నను రవ్వ రాదు. మూడు వస్తువుల వెల వృథా. లోపము గోరంత బిళ్లది.

పాయింట్లు

పాయింట్ల ఎడము ఇరుసు మూపు నడిమిపై నున్నప్పుడు ఫీలరు గేజితో కొలువవలెను. ముందువైపు డిస్ట్రిబ్యూటరునకు 0.015 అంగుళము; ప్రక్క డిస్ట్రిబ్యూటరునకు 0.025 అంగుళము. ఒకదాని కొలతను మరొకదానికి పెట్టినచో ఇంజను సరిగా నడువదు. కావున కొలత వెదకుటకు ముందు ట్రాక్టరు ఏ రకపుదో చూచుకొనవలెను.

మడ్డిని తొలగించుటకు గరుకు కాగితమును వాడరాదు. దాని రవలు పాయింట్ల నడుమ చిక్కుకొనును. సన్నని పాయింట్ల ఆకురాయితో మెల్లగా గీకి, శుభ్రమైన గట్టి కాగితపు ముక్కను నడుమ దూర్చి లాగవలెను. అంగడినుండి తెచ్చిన క్రొత్త పాయింట్లకును తుప్పు పట్టకుండ పూసిన నూనెపొర యుండవచ్చును. దానిని తుడువక బిగించి “క్రొత్తవియు చెడ్డవే” అనుట అన్యాయము.

పాయింట్లు కొద్ది దినములకే నల్లగా కాలిపోవుచున్నచో పాయింట్లను నిందింపక కండెన్సరును మార్చి చూడవలెను.

వేడెక్కిన పిదప ఆగు ఇంజను

ఒక గంట చక్కగా నడచి ఆగుట, అరగంట చల్లారిన పిదప మరల స్టార్టగుట. ఈ జబ్బు రైతును మిక్కిలి వేధించును. దీనికి ముఖ్యమైన అనుమానితులు ఇద్దరు. కాయిలు వేడికి లోపలి చుట్లు చెడి రవ్వ ఇయ్యకపోవుట ఒకటి. పెట్రోలు ట్యాంకు మూతయందలి గాలిరంధ్రము పూడుకొని, లోపల గాలి చాలక పెట్రోలు దిగకపోవుట రెండవది. పైకి రెండును ఒకే తీరుగా కనబడును.

వీనిని వేరుపరచు అవకాశము ఇంజను ఆగిన ఆ క్షణముననే కలదు. చల్లారిన పిదప పరీక్షించినచో ఏమియు తెలియదు. కావున ఆగిన వెంటనే ట్యాంకు మూత జోలికి పోక, మొదట రవ్వ పరీక్ష చేయవలెను. రవ్వ లేనిచో కాయిలునో, కండెన్సరునో అనుమానింపవచ్చును. రవ్వ మంచిదిగా నున్నచో పరీక్ష సామానును తీసివేసి, తీగెలను యథాస్థానమున తగిలించి, తాళము కట్టి, అప్పుడు మూతను వదులు చేసి చూడవలెను. గాలి లోనికి పోవు శబ్దము వినబడి, కొంతసేపటికి ఇంజను నడచినచో దోషము మూతదే.

కాయిలు చెడుటకు మనుష్యుల అజాగ్రత్తయు కారణము. ఇంజను ఆగియుండగా తాళమును త్రిప్పియుంచినచో, పాయింట్లు మూసియున్న పక్షమున కాయిలులో విద్యుత్తు ఎడతెగక పారి దానిని కాల్చును. అట్లే ఆరు వోల్టుల ట్రాక్టరును పండ్రెండు వోల్టులకు మార్చిన కొందరు కాయిలును మార్చకయో, తగిన రెసిస్టరును చేర్చకయో విడిచిపెట్టుదురు. రెండింతల ఒత్తిడికి కాయిలు కరగును, పాయింట్లు కాలును.

మూత, రోటరు, ప్లగ్గులు

మూత లోపల సన్నని నల్లని గీత యున్నచో అది పగులైనను కావచ్చును, రవ్వ ప్రాకి ప్రాకి ఏర్పరచుకొన్న బొగ్గు దారియైనను కావచ్చును. అట్టి మూతను తుడిచిన లాభము లేదు, మార్చవలసినదే. వానకాలమున ఉదయము స్టార్టు కాక ఎండ ఎక్కిన పిదప స్టార్టగు ఇంజనునందు మూతలోని చెమ్మను మొదట చూడవలెను. పొడి గుడ్డతో తుడిచిన చాలును. చీకటి రాత్రి దీపము లేకుండ నడచుచున్న ఇంజనును దూరమునుండి చూచినచో, పాత తీగెలనుండి జారిపోవు రవ్వలు మిణుగురు పురుగులవలె కనబడును. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

ప్లగ్గును విప్పి దాని ముక్కును చూడవలెను. లేత గోధుమ రంగు ఆరోగ్యమునకు గుర్తు. పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువగుటకో, రవ్వ బలహీనమగుటకో గుర్తు. జిడ్డుగా నల్లగా నున్నచో సిలిండరులోనికి ఆయిలు ఎక్కుచున్నది. ప్లగ్గును మార్చినంత మాత్రమున ఆ జబ్బు పోదు. ఈ ట్రాక్టరు ప్లగ్గుల ఎడము 0.025 అంగుళము. తీగెల వరుస 1, 2, 4, 3. అనేక ఇతర ఇంజనులలో నున్న 1, 3, 4, 2 వరుసకు అలవాటుపడిన మెకానిక్కు పరాకున ఆ వరుసనే తగిలించినచో నాలుగింటను మంచి రవ్వ వచ్చుచున్నను ఇంజను దగ్గునే గాని నడువదు.

మన విద్యార్థులకు

“మన ఇంట డీజిలు ట్రాక్టరు గలదు, ఈ రవ్వ గొడవ మన కెందుకు?” అని ఒక విద్యార్థి అడుగవచ్చును. డీజిలు ఇంజనునకును కాలువ గట్టు పద్ధతియే వర్తించును. అందు విద్యుత్తునకు మారుగా ట్యాంకు నుండి ఇంజెక్టరు వరకు డీజిలు పారు త్రోవను వెదకవలెను. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుతో నడుపు పంపుసెట్లలోను, పాత స్కూటర్లలోను పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గు మనకు తెలిసినవే. నేటి మోటారుసైకిళ్లలో పాయింట్లకు మారుగా ఎలక్ట్రానిక్ సాధనము వచ్చినది. కాయిలును ప్లగ్గును మాత్రము నిలిచియున్నవి, ఫారడే సూత్రమును నిలిచియున్నది.

విద్యార్థులు రెండు నియమములను అలవరచుకొనవలెనని మా కోరిక. మొదటిది, ఒక సమయమున ఒక్క మార్పే చేయవలెను. ఒకేసారి ప్లగ్గును, కాయిలును, కండెన్సరును మార్చగా ఇంజను నడచినచో, మూటిలో ఏది చెడినదో తెలియదు. మంచివి రెండు చెత్తలో పడినవి, వాని వెల రైతు మూటనుండి పోయినది. రెండవది, చేసిన ప్రతి పరీక్షను దాని ఫలితముతో కూడ ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. ఏ దినమున పాయింట్లు సరిచేసితిమి, ఎడమెంత, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపినది అను సంగతులు అందుండవలెను. మరుసటి ఏడు అదే జబ్బు వచ్చినప్పుడు ఆ పుస్తకము మెకానిక్కు రాకకు ముందే సగము దారి చూపును.

మెకానిక్కును పిలువవద్దని మా ఉద్దేశము కాదు. రవ్వ వేళను సరిచేయుట, బేరింగులు మార్చుట వంటి పనులకు అతని చేయియే కావలెను. కాని “ట్రాక్టరు స్టార్టగుట లేదు” అని చెప్పి కూర్చుండు రైతునకును, “పెట్రోలు వచ్చుచున్నది, బ్యాటరీ 6.3 చూపుచున్నది, నాలుగు తీగెలకును రవ్వ లేదు, దీపము మార్పులేక వెలుగుచున్నది” అని చెప్పగల రైతునకును ఎంతో భేదము గలదు. రెండవవాని మాట విన్న మెకానిక్కు నేరుగా పాయింట్లవద్దకే పోవును. అనవసరమైన సామాను కొనిపించుటకు అతడు సాహసింపడు, అవసరమైన సామాను చెప్పినప్పుడు రైతు సందేహింపడు. ఆ నాలుగు మాటలు చెప్పగలుగుటకు కావలసినవి ఒక బల్బు, ఒక ఫీలరు గేజి, ఒక వోల్టు మీటరు, కొంత ఓపిక. ఇవి మన ఇండ్లలో సమకూర్చుకొనదగినవే.